ఊపిరి అక్షరం

ఆగ్నెస్ లాంగ్‌విండ్ ఆ పదాన్ని మళ్ళీ మళ్ళీ పలికింది. ప్రతిసారీ తెర మీద ధ్వని గీత లేచి, వంపులు తిరిగి, చివరికొచ్చేసరికి చచ్చుగా నేలబారున పడిపోయింది. పదం అక్కడితో అయిపోయినట్టే కనిపిస్తోంది.

"అయిపోలేదు. ఆ తరవాత ఇంకోటుంది," అంది ఆగ్నెస్.

"నాకు వినపడలేదండీ. ఇంకొక్కసారి చెప్తారా?" అంటూ విశ్వవిద్యాలయంలో లిపుల మీద పరిశోధన చేసే సువర్చల మైకును ఆవిడ మూతికి మరికాస్త దగ్గరగా జరిపింది.

"ఎన్నిసార్లయినా చెప్తానమ్మాయ్. అది చెవికి దొరికేది కాదు. మాట నోరు దాటిపోయాక, వెనకాల మిగిలే ఊపిరి అది."

పక్కన కూర్చున్న డోరీన్ నవ్వింది. ఆమె ఆగ్నెస్ చెల్లెలి కూతురు. యాభై ఏళ్ళ మనిషి, బ్లాక్‌ఫుట్ ఆదివాసులకు విడిగా కేటాయించిన రిజర్వులోని బడిలో వాళ్ళ భాష చెప్పే టీచరు. మైదానాల గాలికి కారు పక్కకు కొట్టుకుపోతుంటే స్టీరింగు బిగించి పట్టుకుని, ఎనభైకి దగ్గరపడ్డ పెద్దమ్మను కెనడా పడమటి వైపున్న ఆ చిన్న నగరంలోని విశ్వవిద్యాలయానికి తీసుకురావడం ఆమెకిది మొదటిసారి కాదు.

బ్లాక్‌ఫుట్ వాళ్ళకు నూరేళ్ళు పైబడిన లిపి ఒకటుంది. ఎప్పుడో ఒక మిషనరీ కట్టి ఇచ్చినది. ఒకే గుర్తును నాలుగు వైపులకూ తిప్పుతారు. తిప్పినప్పుడల్లా అచ్చు మారుతుంది. "మనం గుణింతం పెడతాం కదా, వీళ్ళు అక్షరాన్నే తిప్పేస్తారు," అని సువర్చల విజయనగరంలో ఉన్న అక్కకు ఫోన్లో చెప్పి నవ్వించింది కూడా. ఆ లిపి చదవగలిగినవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. అయినా అందులోని గుర్తులకు కంప్యూటర్లలో చోటు ఎప్పుడో దొరికింది. దొరకనిది ఒక్కటే. దాన్ని ఆగ్నెస్ తల్లి తరపువాళ్ళు మాత్రమే రాసేవారు. చిన్న కొక్కెంలా పదం చివర వేలాడుతూ ఉంటుంది.

అదేం పని చేస్తుందో ఆగ్నెస్ మొదటి రోజే చెప్పింది.

"ఇద్దరు మనుషుల కథ చెబుతున్నావనుకో. ఇద్దరి పేర్లూ వస్తాయి. కథ ఎవరి పక్కన నడుస్తోందో వాళ్ళ పేరు చివర ఈ ఊపిరి ఉంటుంది. రెండోవాళ్ళకు ఉండదు. నడిమధ్య ఊపిరి మార్చావంటే, కథ ఈ మనిషిని వదిలేసి ఆ మనిషి పక్కకు వెళ్ళిపోయినట్టు. మా అమ్మ వాళ్ళు దాన్ని రాతలో కూడా పోనివ్వలేదు."

డోరీన్ బడిలో పిల్లలకు పలకల్లాంటి టాబ్లెట్లు ఇచ్చారు. డోరీన్ నేర్పినట్టు పిల్లలు తమ పేర్లు కొక్కెంతో సహా తమ లిపిలో రాసుకుంటారు. కొక్కెం రావలసిన చోట ఖాళీ డబ్బా పడుతుంది. కొందరు పిల్లలు ఆ డబ్బానే తమ పేరులో అక్షరమనుకుని కాగితం మీద కూడా డబ్బా గీస్తున్నారని డోరీన్ చెప్పినప్పుడు సువర్చలకు నవ్వాలో ఏం చేయాలో తోచలేదు. లోకంలోని అక్షరాలకు కంప్యూటర్లలో స్థానాలు కేటాయించే సంఘం ఒకటుంది. వాళ్ళది తప్పేం లేదు. ఇది అక్షరమో, రాసేవాళ్ళ చేతి అలవాటో తేల్చమన్నారు. దీనికంటూ వేరే పలుకు ఉందని చూపించమన్నారు. మైకు చూపించలేకపోయింది.

అందుకే దోసిలి.

ఆ పేరు సువర్చల పెట్టిందే. అది తలను రెండు వైపులనుంచీ పట్టుకునే టోపీ. లోపల సన్నటి తీగల అల్లిక. దూరం నుంచి చూస్తే ఎవరో రెండు చేతులా ఆ మనిషి తలను పట్టుకున్నట్టుంటుంది. ప్రయోగశాల పెద్ద డాక్టర్ హాల్వర్సన్‌కు ఆ మాట అర్థం చెబితే, నోరు తిరక్కపోయినా అదే వాడడం మొదలుపెట్టాడు. ఒక అక్షరాన్ని చూసి మనిషి మనసులో పలుకుతాడు చూడండి, బయటికి రాని ఆ పలుకును పట్టుకుని చూపించడం దోసిలి పని. పెదవికి, నాలుకకు, ఊపిరికి మెదడు పంపే ఆజ్ఞ మొత్తం, గొంతు దాకా రాకముందే.

ముందుగా యంత్రాన్ని ఎవరి మీదైనా సరిచూసుకోవాలి. సువర్చలే కూర్చుంది.

"అరుదుగా వచ్చే అక్షరం ఇవ్వు. జ్ఞాపకం కలగాపులగం కాకుండా ఉంటుంది," అన్నాడు హాల్వర్సన్.

ఆమె ఠ ఎంచుకుంది. తెర మీద పెద్ద సున్నా, మధ్యలో చుక్క. మనసులో అనుకుంది. మామూలుగా అయితే ఆ అనుకోవడం కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. దోసిలి దాన్ని అయిపోనివ్వలేదు. తుమ్ము వచ్చి ముక్కు చివర ఆగిపోయినట్టు, ఆ అక్షరం ఆమెలో సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. చాలాసేపు. తరవాత తెర మీద నిండుగా, ఒత్తుతో సహా, ఠ పలుకు గీతలా దొరికింది. హాల్వర్సన్ చప్పట్లు కొట్టాడు. సువర్చల టోపీ తీసి జుట్టు సర్దుకుంటూ, కాస్త తల బరువుగా ఉందని మాత్రం అంది.

ఆగ్నెస్ వంతు వచ్చినప్పుడు, ఆ కొక్కెం ఆవిడ మనసులో ఎక్కడ నాటుకుందో ఆ చోటును గుర్తు చేసుకోమన్నారు. ఆవిడ కాసేపు కిటికీ వైపు చూసి చెప్పింది.

"మమ్మల్ని చిన్నప్పుడే సర్కారువాళ్ళు ఇంట్లోంచి తీసుకుపోయి బోర్డింగు బడిలో వేశారు. నన్నూ మా అక్క లూసీనీ. అక్కడ మా మాట మాట్లాడితే కొట్టేవాళ్ళు. ప్రార్థనకు వరసలో నిలబెట్టేవాళ్ళు. లూసీ నా వెనక నిలబడేది. నా వీపు మీద వేలితో నా పేరు రాసేది. ఎవరికీ వినపడదు, ఎవరికీ కనపడదు. చివర ఈ కొక్కెం రాసి వేలు తీసేది. అది తగలగానే నాకు తెలిసేది, కథ ఇంకా నా పక్కనే ఉందని."

"తరవాత?" అంది సువర్చల.

"లూసీ అక్కణ్ణించి ఇంటికి రాలేదు."

ఆగ్నెస్ కుర్చీలో సర్దుకుని, "పెట్టండి మరి," అని తల ముందుకు వంచింది.

దోసిలి పట్టుకుంది. కొక్కెం ఉన్న పేరుకూ లేని పేరుకూ మధ్య తేడా, ఏ మైకూ వినలేకపోయినది, తెర మీద తెల్లగా విడిపోయి కనిపించింది. పెదవులు గుండ్రంగా ముడుచుకోవడం, గొంతు మోగకుండా ఊపిరి ఒక్కటీ దాటడం, అన్నీ ఉన్నాయి. హాల్వర్సన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. డోరీన్ ఏడ్చింది. టీ తెప్పించారు.

వెళ్ళేటప్పుడు ఆగ్నెస్ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది.

"ఏదో మర్చిపోయాను."

"సంచి నా దగ్గరే ఉంది పెద్దమ్మా," అంది డోరీన్.

"సంచి కాదు," అని ఆవిడ ఇంకాసేపు నిలబడి, గుర్తు రాక, వెళ్ళిపోయింది.

*

సంఘం ఆ రుజువును ఒప్పుకుందన్న కబురు మంచు పడే రోజుల్లో వచ్చింది. వచ్చే విడత అక్షరాల్లో కొక్కెం చేరుతుంది. సువర్చల ఇంటికి వస్తూ మిఠాయిలు కొనుక్కొచ్చింది. ఆ వారాంతంలో ఆమె కూతురు ఆమని వంటింటి బల్ల మీద తెలుగు వాచకం పెట్టుకుని కూర్చుంది. ఆమనికి ఎనిమిదేళ్ళు. ప్రతి అక్షరానికీ ఒక మాట చెప్పమని తల్లిని వేధించడం దాని ఆట.

"ట కి టమాటా. డ కి డప్పు. అమ్మా, ఈ మధ్యదానికి చెప్పు."

"ఏదీ, ఇలా ఇవ్వు," అని సువర్చల పుస్తకం అందుకుంది.

ట ఉంది. డ ఉంది. రెండింటి మధ్యా ఒక బొమ్మ ఉంది. గుండ్రంగా, నడుమ చుక్కతో.

"ఇదేంటే ఇక్కడ? అచ్చుతప్పులా ఉంది."

"ఠ. అది ఠ అమ్మా."

"ట పైన చెప్పేశావు కదా."

"ట కాదు. ఠ."

సువర్చలకు రెండూ ఒకేలా వినిపించాయి. కూతురి పెదవులకేసి చూసింది. పిల్ల రెండుసార్లు రెండు వేరు వేరు పనులు చేస్తోందని కనపడుతోంది. చెవికి మాత్రం తేడా అందడం లేదు.

స్టవ్ దగ్గరున్న భర్త కామేశ్ ముందు వేళాకోళమనుకున్నాడు. తరవాత గరిటె పక్కన పెట్టి వచ్చాడు. కాగితం మీద పాఠం, కంఠం, పీఠం అని రాసి ముందు పెట్టాడు.

"చదువు."

"పా..." అని ఆమె ఆగిపోయింది. ఊడిన పన్ను ఉండాల్సిన చోట నాలుకకు చిగురు తగిలినట్టుంది. మాటకు అటూ ఇటూ గోడలున్నాయి, మధ్యలో ఏమీ లేదు.

"నిజంగానే రావట్లేదా?" అన్నాడు కామేశ్ నెమ్మదిగా.

"నువ్వేం రాశావో నాకు తెలుసు. అక్షరాలు లెక్కపెట్టి ఊహించగలను. కానీ కనపడట్లేదు కామేశ్."

"నిద్ర లేక అయ్యుంటుంది. ఈ నెలంతా నువ్వు సరిగ్గా పడుకున్నదెప్పుడు? ఒక్క అక్షరమే కదా. ఏడాదికి ఎన్నిసార్లు అవసరపడుతుంది?"

దోసిలి కింద తను ఎంచుకున్నది ఏ అక్షరమో ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది. పేరుగా కాదు, ఆ రోజు తెర మీద సున్నా, చుక్క ఉన్నాయని గుర్తొచ్చింది.

ఆమని తల్లికి మళ్ళీ నేర్పిస్తానంది. చీటీల మీద పెద్దగా ఠ రాసి ఫ్రిజ్ మీద, అద్దం మీద, తలుపుకు అతికించింది. పడుకోబోయే ముందు చెప్పించుకునేది. సువర్చల చూసి, విని, పలికి, వచ్చేసిందనుకునేది. తెల్లారేసరికి అద్దం మీద ఎవరో సున్నా చుట్టి చుక్క పెట్టి ఉండేవారు. నీళ్ళు నిలవని చోట నీళ్ళు పోసినట్టయింది.

"నిన్న చెప్పాను కదమ్మా," అంది ఆమని ఒకరోజు. కోపంగా కాదు, జాలిగా. మర్నాడు చీటీలన్నీ పిల్లే తీసేసింది. అమ్మ కంట పడకూడదనుకుంది కాబోలు.

ఆ రోజు సువర్చల విజయనగరం ఫోన్ చేసింది. అక్క అనసూయ ఆర్టీసీ డిపోలో ఉద్యోగం చేస్తుంది. అప్పుడే డ్యూటీకి బయల్దేరుతోంది.

"అక్కా, ట తరవాతి అక్షరం ఉంది చూడు. అది చిన్నప్పుడు నాకెవరు నేర్పేరు?"

"ఇప్పుడేంటే ఆ గోల? ఎవరేంటి, నేనే కదా నేర్పేను. బళ్ళో పద్యం అప్పజెప్పమంటే కంఠం అన్నచోట కంటం అన్నావని మేష్టారు గోడకుర్చీ వేయించలేదూ? ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. మేడమెట్ల మీద కూర్చోబెట్టుకుని, నీ నోటి ముందు నా చెయ్యి అడ్డం పెట్టి, చేతికి గాలి తగిలిందాకా అనమన్నాను. అనీ అనీ చివరికి నా చేతినిండా తుంపర్లే. ఇద్దరం మెట్ల మీద పడీ పడీ నవ్వేం. అమ్మ వచ్చి ఏంటర్రా అంటే చెప్పలేకపోయేం. మర్చిపోయేవేటే?"

సువర్చల వెతికింది. మేడమెట్లు దొరికాయి. మేష్టారి పంచె అంచు దొరికింది. గోడకుర్చీ నొప్పి కూడా దొరికింది. మెట్ల మీద అక్క లేదు.

"ఎందుకు మర్చిపోతానక్కా," అని, అక్క నవ్వుతుంటే తనూ నవ్వింది. కొంచెం ఆగి, ఎవరి సంగతో అడిగినట్టు, "తరవాతేమైంది?" అంది.

*

హాల్వర్సన్ అంతా విని, పాత కొలతలు తీసి ముందేసుకున్నాడు.

ఏ జ్ఞాపకమైనా తలుచుకున్న ప్రతిసారీ తెరుచుకుంటుంది, పని అయ్యాక మళ్ళీ గట్టిపడి మూసుకుంటుంది. ఆ తెరుచుకోవడం రెప్పపాటు. అంతలో చదవడం ఏ యంత్రం వల్లా కాదు. అందుకే దోసిలి దాన్ని మూసుకోనివ్వకుండా పట్టి ఉంచింది. అలా పట్టుకోవడమే ఈ యంత్రం గొప్పతనమని వాళ్ళు వ్యాసాల్లో రాసుకున్నారు. అంతసేపు తెరుచుకున్నది ఇక మూసుకోదేమోనన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వదిలేయగానే అది కరిగిపోయింది. దానికి అంటుకుని ఉన్నవీ దానితోనే పోయాయి. అక్షరం నిలబడాల్సిన చోటే లేకుండా పోయాక, మళ్ళీ నేర్పినా నిలబడదు.

"ఒక్క మనిషి సంగతి, అదీ నీది. ఇది రుజువు కాదు," అన్నాడు హాల్వర్సన్.

"ఆగ్నెస్ గారిని అడిగితే ఇద్దరవుతారు."

"అడగడానికి నాకు ధైర్యం లేదు," అని అతను లేచి వెళ్ళి దోసిలి స్విచ్చి ఆపేశాడు. తీగ కూడా గోడ నుంచి పీకేశాడు.

"నా గీత మన దగ్గర ఉంది కదా. ఆవిడదీ ఉంది. వెనక్కి పెట్టలేమా?"

"దానికి చదవడమే నేర్పాం సువర్చలా. రాయడం నాకే కాదు, ఎవరికీ తెలీదు."

*

రిజర్వుకు వెళ్ళే దారిలో మంచు కరిగి గడ్డి గోధుమరంగులో బయటపడింది. పొలాల్లో గుర్రాలు గాలికి వీపు తిప్పి నిలబడి ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలో సువర్చల దారిపొడవునా అనుకుంటూనే ఉంది. ఆగ్నెస్ ఇంటి గుమ్మంలో కాలు పెట్టేసరికి అనుకున్నవన్నీ పోయాయి. ఆవిడ కెటిల్ పెట్టి, డబ్బాపాలు పోసి టీ ఇచ్చింది. డోరీన్ అక్కడే ఉంది. సువర్చల దాచకుండా, తన అక్షరం సంగతితో సహా అంతా చెప్పింది.

ఆగ్నెస్ మధ్యలో ఆపలేదు. అయ్యాక, "ఆ రోజు గుమ్మం దగ్గరే అనుకున్నాను," అంది.

డోరీన్ మొహం మాత్రం పాలిపోయింది. "ముసలితనం అనుకున్నాను నేను. వృద్ధాశ్రమంలో వీళ్ళ ఈడువాళ్ళంతా పేకాడుకుంటూ పాత కథలు చెప్పుకుంటారు. పెద్దమ్మ చెబుతుంటే ఇదివరకు ముక్కలు కింద పెట్టేసి వినేవాళ్ళు. ఇప్పుడు మొహమొహాలు చూసుకుంటున్నారు. చెవికి దొరక్కపోయినా ఆ ఈడువాళ్ళు ఆ ఊపిరిని పట్టుకునేవాళ్ళు, ఇప్పుడు ఆవిడ మాటల్లో అది లేదు. కథలో మనుషులంతా ఒకే దూరంలో ఉంటున్నారు. ఎవరి పక్కన నిలబడాలో వినేవాళ్ళకు తెలీడం లేదు. నిన్న ఒకావిడ నన్ను పక్కకు పిలిచి అడిగింది, ఆగ్నెస్ పరాయివాళ్ళ సంగతి చెప్పినట్టు చెబుతోందేమని."

"నాకు తేడా తెలీదు," అంది ఆగ్నెస్. "అదే విచిత్రం. నేను చెప్పేది నాకు బాగానే ఉంటుంది."

సువర్చల అడగకూడదనుకుంటూనే అడిగింది. "లూసీ గారు గుర్తున్నారా?"

ఆగ్నెస్ గోడ మీద చిన్న ఫొటో వైపు చూపించింది. కత్తిరించిన జుట్టుతో ఇద్దరు ఆడపిల్లలు. "ఆ పొడుగు పిల్ల. మా అక్క. డోరీన్ చెప్పింది, ప్రార్థనలో నా వెనక నిలబడి నా వీపు మీద రాసేదట. మంచిపిల్ల అయ్యుంటుంది."

డోరీన్ లేచి కిటికీ దగ్గరకు వెళ్ళిపోయింది.

"నేను సంఘానికి చెప్పి ఆపించేస్తాను," అంది సువర్చల. "ఆ అక్షరాన్ని ఇలా తీసుకుని ఉండకూడదు. వెనక్కి తీసేసుకుంటామని చెప్తాను."

"తీసి ఎక్కడ పెడతావు?" అంది ఆగ్నెస్. "నా దగ్గర లేదు. మీ దగ్గర కూడా లేకుండా చేస్తే ఇంకెక్కడుంటుంది? వద్దు. పిల్లలకు రానీ."

"మీకు నా మీద కోపం రావట్లేదా?"

"వస్తోంది. ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు. నువ్వు మోసం చేయలేదు. నీదీ పోయింది. నన్ను కారెక్కించి తెచ్చినందుకు డోరీన్‌ను అనాలా? తల వంచి పెట్టమన్నది నేను. ఆ టీ తాగు, చల్లారిపోతోంది."

సువర్చల తాగింది. తాగడం తప్ప ఆ గదిలో ఆమె చేయగలిగింది ఏమీ లేదు.

తిరిగొచ్చాక ఆమె ఉన్నదున్నట్టు రాసి పత్రిక్కి పంపింది. దోసిలిని ఇక మనుషుల మీద వాడొద్దని, ఒక్కొక్క అక్షరం వెనక ఏముంటుందో పోయిన తరవాత పోయినవాళ్ళకు కూడా తెలీదని రాసింది. హాల్వర్సన్ కూడా సంతకం పెట్టాడు. యంత్రాన్ని గదిలో పెట్టి తాళం వేశారు. ఆ వ్యాసం చదివి ఎవరూ దగ్గరికి రారనుకుంది. జరిగింది వేరు. ఎక్కడెక్కడి కొండల నుంచో, దీవుల నుంచో మెయిళ్ళు రావడం మొదలైంది. మా అక్షరాలు మా తాత ఒక్కడికే వచ్చు, ఈ శీతాకాలం దాటేలా లేడు, త్వరగా రమ్మని. ఒక వృద్ధుడు స్వయంగా వీడియోలో మాట్లాడాడు. ఎలాగూ నాతో మట్టిలోకి పోయేదే కదా, మీరు తీసుకుంటే పైన మిగులుతుంది, నా భార్య మొహం పోతే పోనీ అన్నాడు. సువర్చల దానికి జవాబు రాయడానికి కూర్చుని ఒక్క వాక్యం కూడా ముందుకు నడపలేకపోయింది. ఈలోగా, తాము మొదట్లోనే అచ్చు వేయించిన యంత్రం పటాలు చూసి ఇంకో దేశంలో ఎవరో ఇంకో దోసిలి తయారు చేస్తున్నారని హాల్వర్సన్ చెప్పాడు. పటాలు లోకం మీదకు వదిలాక ఎవరిని ఆపుతారు?

*

కొత్త విడత వచ్చిన వారం డోరీన్ బడిలో శనివారం తరగతి పెట్టింది. పిల్లలతోపాటు పెద్దవాళ్ళు కూడా వచ్చారు. సువర్చలను రమ్మంటే రాకుండా ఉండలేకపోయింది. వెనక వరసలో కూర్చుంది.

టాబ్లెట్లలో ఖాళీ డబ్బాలు లేవు. కొక్కెం వచ్చింది. పిల్లలు దాన్ని పదిసార్లు, ఇరవైసార్లు నొక్కి వరసలు వరసలుగా పరిచారు. ఒక పాప అందరి పేర్ల చివరా పెట్టేస్తుంటే డోరీన్, "అందరికీ కాదమ్మా, కథ ఎవరిదైతే వాళ్ళకే," అని చెప్పింది. యంత్రం పట్టిన గీతను చూసి పెదవులు ఎలా ముడవాలో, ఊపిరి ఎంత వదలాలో డోరీన్ నేర్చుకుంది. పిల్లలకూ నేర్పుతోంది. గదినిండా చిన్నచిన్న ఊపిర్లు. బాగానే అంటున్నారో లేదో చెప్పగలిగిన మనిషి గదిలో ఒక్కరు కూడా లేరు.

తరవాత ఆగ్నెస్‌ను ముందుకు పిలిచి కుర్చీ వేశారు. ఆవిడ తమ భాషలో కథ చెబుతుంది, అందరూ తమ లిపిలో రాసుకోవాలి. డోరీన్ సువర్చల పక్కకు వచ్చి కూర్చుని, గుసగుసగా అర్థం చెప్పింది.

ఇద్దరు ఆడపిల్లలు నది ఒడ్డున పళ్ళు ఏరడానికి వెళ్ళారు. పొదల్లో ఇద్దరూ చెరో పక్కా నడిచారు. ఎగువన వాన పడింది. నీళ్ళు పెరిగాయి. ఒక పిల్ల రెండో పిల్లను పిలిచింది. ఒక పిల్ల బుట్ట వదిలేసి పరుగెత్తింది. సాయంత్రానికి ఒక పిల్ల ఇంటికి వచ్చింది. ఒక పిల్ల రాలేదు.

ఆగ్నెస్ బాగా చెప్పింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. పిల్లలు కదలకుండా విన్నారు. రాయడం మొదలుపెట్టారు. ఇద్దరు పిల్లల పేర్లూ రాశారు. తరవాత ఒక్కొక్కరి వేలూ తెర మీద గాలిలో ఆగిపోయింది.

ముందు వరసలో వెస్లీ ఉన్నాడు. బడి బస్సు నడుపుతాడు, ఇద్దరు కూతుళ్ళతో వచ్చాడు. పెద్దవాళ్ళను గౌరవంగా పిలిచే తమ మాటతో ఆగ్నెస్‌ను పిలిచాడు.

"నాఆహ్స్, కొక్కెం ఎవరికి పెట్టాలి?"

ఆగ్నెస్ అతని తెర మీదకు వంగింది. రెండు పేర్లనూ చూసింది. ఆ రెండింటి పక్కన, ఇంకా ఎవరికీ చెందకుండా ఒంటరిగా వేలాడుతున్న చిన్న గుర్తును కూడా చూసింది.

"నువ్వెవరికి పెడదామనుకుంటున్నావు?" అంది.

వెస్లీ, పరీక్ష పెడుతోందనుకుని సిగ్గుగా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అది అతనికి కాస్త ఆలస్యంగా అర్థమైంది. డోరీన్ వైపు చూశాడు. డోరీన్ సువర్చల వైపు చూసింది. సువర్చల దగ్గర ఆ గుర్తు కొలతలున్నాయి, కంప్యూటర్లలో దానికిచ్చిన సంఖ్య ఉంది, ఆగ్నెస్ పెదవులు ఒకప్పుడు దాన్ని ఎలా పలికాయో మొత్తం గీత ఉంది. ఆ ఇద్దరు పిల్లల్లో కథ ఎవరి పక్కన నడిచిందో మాత్రం ఎక్కడా లేదు.

"మీకు నచ్చినట్టు పెట్టండి," అంది ఆగ్నెస్ చివరికి.

సగంమంది ఇంటికొచ్చిన పిల్లకు పెట్టారు. సగంమంది రాని పిల్లకు పెట్టారు. ఆవిడ చేతికర్ర ఆనించుకుంటూ వరసలన్నీ తిరిగి, ప్రతి తెర మీదకూ వంగి చూసి, అన్నీ బాగున్నాయని చెప్పింది.